వైజాగ్ గ్యారేజీలో 650 సీసీ రేసు బండి: తూకం కాటా నుంచి ట్రాక్ దాకా

మిడిల్‌వెయిట్ స్పోర్ట్స్ బండి కొన్న మనవాళ్ళలో చాలామంది మొదటి నెలలోనే సైలెన్సర్ మారుస్తారు. నేనూ అదే చేశాను. ఆ తర్వాత చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్ళాను. గట్టిగా బ్రేకు పట్టిన ప్రతిసారీ ముందు ఫోర్కులు అడుగంటాయి. మలుపు మధ్యలో బండి ఊగింది. మధ్యాహ్నానికి బ్రేకు లివర్ మెత్తబడి గ్రిప్పు దాకా వచ్చేసింది. పెరిగిన బలాన్ని వాడుకునే అవకాశం ఎక్కడా దొరకలేదు. ఇంటికొచ్చాక పని మొత్తం తిరగేసి మొదలుపెట్టాను: బరువు, బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు, గేరింగ్, అన్నిటికన్నా చివర ఇంజన్. ఈ మార్గదర్శి కూడా అదే వరుసలో సాగుతుంది. డబ్బు మధ్యలో అయిపోయినా ఈ వరుసలో వెళ్తే అప్పటిదాకా చేసిన పని వృథా పోదు.

ఉదాహరణకి కవాసాకి నింజా 650 తీసుకుంటున్నాను. 2017 తర్వాత వచ్చిన ట్రెల్లిస్ ఫ్రేమ్ బండి అన్నమాట. ఇందులో 649 సీసీ ప్యారలల్ ట్విన్ ఇంజన్ ఉంటుంది. బోర్ (సిలిండర్ వెడల్పు) 83, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 60 మిల్లీమీటర్లు, కంప్రెషన్ నిష్పత్తి 10.8. కంపెనీ చెప్పే బలం 8,000 ఆర్‌పీఎం దగ్గర 68 పీఎస్. ఆఫీసుకీ వెళ్ళొచ్చు, అరకూ వెళ్ళొచ్చు అనిపించే బండి ఇది. దీని అన్నలాంటి ఈఆర్-6 కూడా అలాంటిదే. అయినా ఐల్ ఆఫ్ మ్యాన్‌లో 60 కిలోమీటర్లకు పైగా ఉన్న రోడ్డు సర్క్యూట్ మీద 2012లో 650 ట్విన్‌ల (రెండు సిలిండర్ల బండ్ల) కోసం లైట్‌వెయిట్ టీటీ రేసు పెట్టినప్పుడు దాన్ని గెలిచింది ఈ కుటుంబపు బండే. నడిపిన రయన్ ఫార్కర్ తన రేసు బండ్లను తనే తయారు చేసుకునేవాడు. 2016 దాకా వరుసగా ఐదేళ్ళు ఆ రేసు కవాసాకి ట్విన్‌ల చేతుల్లోనే ఉంది. ఆ విజయాల వెనక కొత్త ఇంజనేమీ లేదు. మామూలు బండిని సీజన్ వెంట సీజన్ ఓపిగ్గా మెరుగుపరిచారు, అంతే.

మొదలుపెట్టే ముందు ఒక షరతు

రేసు బండిగా మార్చాక దాన్ని రోడ్డెక్కించకండి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని ఒప్పుకోదు. రోడ్ల మీద పందేలు 189వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, తెల్లవారుజామున భీమిలి రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది గానీ ఖాళీగా ఉండదు. వాకింగ్‌కి వచ్చిన పెద్దవాళ్ళుంటారు, వలలు మోసుకెళ్ళే జాలర్లుంటారు, కుక్కలుంటాయి. అక్కడ బండిని పరీక్షించడం వాళ్ళ ప్రాణాలతో పరీక్ష పెట్టడమే. సింహాచలం ఘాట్, అనంతగిరి ఘాట్ కూడా అంతే. దగ్గర్లో ట్రాక్ లేకపోవడం మనకున్న నిజమైన కష్టం. అందుకే ఇంట్లో చేయగలిగిన కొలతలన్నీ ఇంట్లోనే పూర్తిచేసి, ట్రాక్ మీద దొరికే గంటలు దాచుకోవాలి.

తూకంతో మొదలుపెట్టండి

ఒక గట్టి అట్ట నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో బండి బరువు రాయాలి. బియ్యం కొట్లలో ఉండే ప్లాట్‌ఫాం కాటా అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుంది. ముందు చక్రం కాటా మీద, వెనక చక్రం అదే ఎత్తున్న చెక్క మీద పెట్టి తూచండి. తర్వాత అటుదిటు మార్చండి. రెండూ కలిపితే మొత్తం బరువు. ఆపైన రేసింగ్ సూట్, హెల్మెట్ వేసుకుని, ట్రాక్ మీద కూర్చునే భంగిమలో కూర్చుని మళ్ళీ తూచండి. సగానికి దగ్గరగా బరువు ముందు చక్రం మీద పడితే మంచి మొదలు.

పెట్రోలుతో కలిపి బండి 195 కిలోల పైచిలుకు ఉంటుంది. అద్దాలు, హెడ్‌లైట్, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు బ్రాకెట్, వెనక సీటు, ఫుట్‌రెస్టులు, సైడ్ స్టాండు, హారన్ అన్నీ తీసేయండి. సైడ్ స్టాండు స్విచ్చిని సరిగ్గా బైపాస్ చేయకపోతే గేరు వేయగానే ఇంజన్ ఆగిపోతుంది. తీసిన ప్రతి ముక్కనీ తూచి రాయండి. పాత బ్యాటరీ బదులు లిథియం బ్యాటరీ పెడితే ఒక్క దెబ్బకి రెండు కిలోలు తగ్గొచ్చు. 15 లీటర్ల ట్యాంకు నిండా పోస్తే పెట్రోలే 11 కిలోలు, అదీ బండిలో ఎత్తైన చోట. ఇరవై నిమిషాల సెషన్‌కి అంత పెట్రోలు మోయాల్సిన పని లేదు.

సేఫ్టీ వైర్, బెల్లీ పాన్

ఈ పనికి అందం లేదు గానీ, దీన్ని వదిలేస్తే మీ వెనకొచ్చేవాడు పడిపోతాడు. ఆయిల్ డ్రెయిన్ బోల్టు, ఆయిల్ పోసే మూత, ఆయిల్ ఫిల్టర్, బ్రేక్ క్యాలిపర్ బోల్టులు వదులు కాకుండా స్టీల్ తీగతో కట్టాలి. బోల్టు తలకి సుమారు 1.5 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, 0.8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తీగ దూర్చండి. తీగ బోల్టును బిగించే వైపుకే లాగుతున్నట్టు ఉండాలి. ఎటు కట్టినా ఒకటే అనుకోవద్దు. ఫిల్టర్‌కి రంధ్రం పెట్టరు, చుట్టూ క్లాంప్ బిగించి దానికి తీగ కడతారు. బోల్టు తలకి చిన్న డ్రిల్లు బిట్ విరగకుండా రంధ్రం వేయడం చేయి తిరిగిన పని. ఆటోనగర్‌లో లేత్ దగ్గరికి డజను బోల్టులు తీసుకెళ్తే ఒక పూటలో అయిపోతుంది.

లోయర్ ఫెయిరింగ్ (బండి కింది భాగపు కవచం) కింద బెల్లీ పాన్, అంటే ఒలికింది పట్టే తొట్టె, ఉండాలి. ఇంజన్ పగిలితే ఆయిల్, కూలెంట్ మొత్తంలో కనీసం సగం అందులో నిలవాలన్నది అంతర్జాతీయ రేసుల్లో నియమం. రేడియేటర్‌లో గ్లైకాల్ కూలెంట్ వద్దు. అది ట్రాక్ మీద ఒలికితే జారుడుగా ఉంటుంది, ఆరదు. డిస్టిల్డ్ వాటర్ పోసి, నిర్వాహకులు ఒప్పుకునే తుప్పు నిరోధకం కలపండి.

బ్రేకులు: మన ఉక్కపోతకీ వీటికీ సంబంధం ఉంది

బండి, రైడర్ కలిపి 270 కిలోలనుకుందాం. గంటకి 200 కిలోమీటర్ల నుంచి 80కి దిగితే సుమారు 350 కిలోజౌల్స్ శక్తి దాదాపు అంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ఒక లీటరు నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగించడానికి పట్టేది 300 లోపే. అంటే ఒక్క మలుపు దగ్గర, నాలుగైదు సెకన్లలో, లీటరు నీళ్ళు మరిగేంత వేడి రెండు డిస్కులు, కొన్ని ప్యాడ్ల మీద పడుతోంది. ల్యాపుకి అలాంటివి రెండు మూడు.

డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అయితే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరేసరికి ఆ కనీస హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. సముద్రం పక్కన ఉండే మన ఊళ్ళో ఇది త్వరగా జరుగుతుంది. మరిగిన ఫ్లూయిడ్‌లో ఆవిరి బుడగలు చేరి లివర్ మెత్తబడుతుంది. నాకు ఆ మొదటి రోజు జరిగింది ఇదే. ప్రతి ట్రాక్ రోజుకీ ముందు సీలు తీయని కొత్త డబ్బాతో ఫ్లూయిడ్ పూర్తిగా మార్చండి. సగం వాడిన డబ్బా దాచుకోవద్దు. డాట్ 5.1 అయితే ఆ హద్దులు 260, 180 డిగ్రీలు. అదీ గ్లైకాల్ రకమే కాబట్టి ఇదే సిస్టమ్‌లో నడుస్తుంది. పేరు దగ్గరగా ఉన్న డాట్ 5 మాత్రం సిలికాన్, దాన్ని పోయకూడదు.

రబ్బరు గొట్టాల బదులు స్టీల్ అల్లిక గొట్టాలు, ట్రాక్ కోసం చేసిన ప్యాడ్లు వేయండి. ఈ మూడు మార్పులకీ అయ్యే ఖర్చు మంచి సైలెన్సర్ ధరలో చిన్న భాగమే. పెద్ద క్యాలిపర్లు, కొత్త మాస్టర్ సిలిండర్ల గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

సస్పెన్షన్: ఎక్కువ రోజులు ఇక్కడే గడపండి

సాగ్ అంటే బండి తన బరువుకీ, మీ బరువుకీ ఎంత దిగుతుందో చెప్పే లెక్క. ఇద్దరు స్నేహితులు, ఒక టేపు ఉంటే చాలు. వెనక చక్రం గాలిలో ఉండగా యాక్సిల్ నుంచి సరిగ్గా పైనున్న ఒక గుర్తు దాకా కొలవండి. అది మొదటి కొలత. తర్వాత బండిని నేల మీద పెట్టి, మీరు సూట్‌తో కూర్చోండి. స్నేహితుడు వెనకభాగాన్ని కిందికి నొక్కి నెమ్మదిగా వదలాలి, అప్పుడొక కొలత. పైకి లేపి నెమ్మదిగా వదలాలి, అప్పుడింకొకటి. సీళ్ళ రాపిడి వల్ల ఈ రెండూ ఒకటి కావు. వాటి సగటును మొదటి కొలత నుంచి తీసేస్తే మీ రైడర్ సాగ్ వస్తుంది. మీరు లేకుండా ఇదే చేస్తే వచ్చేది ఖాళీ బండి సాగ్.

ట్రాక్‌కి ముందు 30 నుంచి 35, వెనక 25 నుంచి 30 మిల్లీమీటర్ల రైడర్ సాగ్‌తో మొదలుపెట్టండి. వెనక ఖాళీ సాగ్ 5 నుంచి 10 ఉండాలి. అసలు సంగతి ఈ రెండు అంకెలనూ కలిపి చదివితేనే తెలుస్తుంది. రైడర్ సాగ్ సరిగ్గా ఉండి ఖాళీ సాగ్ సున్నా అయితే, స్ప్రింగు మీ బరువుకి మెత్తనిది. ప్రీలోడ్ ఎక్కించి, అంటే స్ప్రింగును ముందే నొక్కి ఉంచి, దాన్ని నెట్టుకొస్తున్నారన్నమాట. ఖాళీ సాగ్ మరీ ఎక్కువైతే స్ప్రింగు గట్టిది. ఇది తెలియక కొందరు ప్రీలోడ్ తిప్పుతూనే సీజన్ గడిపేస్తారు. స్ప్రింగు బలాన్ని ప్రీలోడ్ మార్చలేదు, బండి నిలబడే ఎత్తును మాత్రమే మారుస్తుంది.

ఈ బండిలో వెనక ప్రీలోడ్ మార్చుకోవచ్చు గానీ, 41 మిల్లీమీటర్ల ముందు ఫోర్కులకి ఏ సర్దుబాటూ లేదు. ముందుగా మీ బరువుకి తగిన స్ప్రింగులు తెప్పించండి. వాటి పైన కూర్చునే స్పేసర్ పొడవే మీ ప్రీలోడ్. ఒకటి పొడవుగా చేయించి, సాగ్ కొలిచి, లేత్ మీద కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రండి. రెండు ఫోర్కుల స్పేసర్లూ ఒకే పొడవు ఉండాలి.

తర్వాత డ్యాంపింగ్, అంటే స్ప్రింగు ఊపును ఆయిల్‌తో అదుపు చేయడం. ఇలాంటి సాదా ఫోర్కుల్లో ఆయిల్ చిన్న రంధ్రాల గుండా వెళ్తుంది. వేగం రెట్టింపైతే అడ్డు సుమారు నాలుగింతలవుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే బ్రేకు పట్టినప్పుడు మునగడం తగ్గుతుంది కానీ, చిన్న గతుకు తగిలినా ఫోర్కు రాయిలా బిగుసుకుంటుంది. పల్చటి ఆయిల్ పోస్తే దానికి సరిగ్గా వ్యతిరేకం. ఆయిల్ మార్చి మార్చి ఈ చిక్కును విప్పలేం. డ్యాంపర్ రాడ్డు మీద ఎమ్యులేటర్ వాల్వులు గానీ, పూర్తి కార్ట్రిడ్జ్ కిట్ గానీ వేయాలి. ఒక ఫోర్కు రాడ్డుకి జిప్ టై కట్టుకుంటే ప్రతి సెషన్ తర్వాత ఫోర్కు ఎక్కడిదాకా మునిగిందో కనిపిస్తుంది. చివరి 10 మిల్లీమీటర్లు అత్యవసరానికి మిగలాలి.

నేను ఎక్కువ ఖర్చుపెట్టిందీ, ఎక్కువ సంతోషపడిందీ వెనక షాక్ మీద. కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి అడ్డు), రీబౌండ్ (తిరిగి లేచేటప్పటి అడ్డు) వేర్వేరుగా తిప్పుకునే షాక్ పెట్టాక, మలుపు నుంచి యాక్సిలరేటర్ తెరిచినప్పుడు బండి ఏం చేయబోతోందో ముందే తెలిసేది. భయం పోతే వేగం దానంతట అదే వస్తుంది.

జామెట్రీకి చేయి చివర్లో పెట్టండి. రేక్ (స్టీరింగ్ వాలు) 24 డిగ్రీలు, ట్రైల్ (స్టీరింగ్ గీత నేలను తాకే చోటుకీ ముందు టైరు తాకే చోటుకీ మధ్య దూరం) 100, వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) 1,410 మిల్లీమీటర్లు. ఫోర్కు గొట్టాలను, వాటిని హ్యాండిల్ దగ్గర పట్టుకునే క్లాంపుల్లో 5 మిల్లీమీటర్లు పైకి జరిపితే ముందు భాగం దిగి, రేక్ సుమారు 0.2 డిగ్రీలు తగ్గుతుంది. అంకె చిన్నదే, కానీ బండి మలుపులోకి తిరిగే తీరులో తేడా తెలుస్తుంది. ఒకసారికి 3 మిల్లీమీటర్లకి మించి కదపవద్దు.

టైర్లు

120/70, 160/60 సైజులు అలాగే ఉంచండి. లావు టైరు సన్నటి రిమ్ మీద ఎక్కిస్తే దాని ఆకారం చెడుతుంది, బండి తిరగడం బరువెక్కుతుంది. గాలి ఎంతన్నది టైరు కంపెనీ ట్రాక్ కోసం ఇచ్చే పట్టిక చూసి మొదలుపెట్టండి. వేడి మీద కొలవాల్సిన అంకెను ట్రాక్ నుంచి లోపలికి రాగానే, మొదటి నిమిషంలోనే కొలవండి. గేజ్ ఎప్పుడూ ఒక్కటే వాడండి.

గేరింగ్: కాగితం మీద చేసే పని

చైన్ తిరిగే స్ప్రాకెట్లకి ముందు 15, వెనక 46 పళ్ళు. అంటే 3.067. దాన్ని ఇంజన్ నుంచి గేర్‌బాక్సుకి వెళ్ళే ప్రైమరీ నిష్పత్తి 2.095, ఆరో గేరు నిష్పత్తి 0.852తో గుణిస్తే మొత్తం 5.47. వెనక టైరు ఒక్క చుట్టుకి సుమారు 1.96 మీటర్లు. 8,000 ఆర్‌పీఎం దగ్గర ఆరో గేరులో గంటకి 172 కిలోమీటర్లు అవుతుంది. వెనక 48 పళ్ళు వేస్తే అదే ఆర్‌పీఎంకి 165. వేగం నాలుగు శాతం తగ్గి, తోపు నాలుగు శాతం పెరిగింది. ముందు ఒక పన్ను తగ్గిస్తే ఏడు శాతం మార్పు వస్తుంది. వెనక మూడు పళ్ళు పెంచినట్టే. మీ ట్రాక్‌లో పొడవైన స్ట్రెయిట్ చివర ఇంజన్ ఏ ఆర్‌పీఎం దగ్గరుందో రాసుకుని, దాన్నిబట్టి ఎంచుకోండి. వెనక స్ప్రాకెట్ రెండు సైజుల్లో దగ్గరుంటే చాలు. చైన్ పొడవు కూడా సరిచూసుకోండి.

చివరికి ఇంజన్

ఆర్‌పీఎం పెంచాలన్న ఆశ ముందు ఆపుకోండి. స్ట్రోక్ 60 మిల్లీమీటర్లు కాబట్టి 11,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకి 22 మీటర్లు. 42.5 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న యమహా ఆర్6 అదే వేగాన్ని అందుకోవడానికి 15,500 దాటాలి. మన ట్విన్ 11,000 దగ్గరే ఆర్6 అంత కష్టం పడుతోందన్నమాట. దీని బలం మధ్య ఆర్‌పీఎంలో ఉంది, దాన్ని నిండుగా చేయడమే తెలివైన పని.

ముందుగా వాల్వ్ క్లియరెన్సులు సర్వీస్ మాన్యువల్ ప్రకారం సరిచేయించండి. తర్వాత పూర్తి ఎగ్జాస్ట్, ఎయిర్ ఫిల్టర్, ఆ రెండింటికీ తగ్గట్టు ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మ్యాప్, అంటే పెట్రోలు ఎంత పోయాలో చెప్పే పట్టిక. మ్యాప్ లేకుండా మొదటి రెండే వేస్తే ఇంజన్‌కి పెట్రోలు చాలక వేడెక్కుతుంది. ట్యూనింగ్‌లో గాలి, పెట్రోలు నిష్పత్తి 13 అని అందరూ చెబుతారు. అది మామూలు పెట్రోలు లెక్క. బంకుల్లో దొరికే ఈ20లో ఇథనాల్ ఉంది కాబట్టి, గాలి, పెట్రోలు ఏదీ మిగలకుండా సరిగ్గా కాలిపోయే నిష్పత్తే 14.7 నుంచి సుమారు 13.5కి దిగుతుంది. అందుకే ట్యూనర్‌ని నిష్పత్తి అడగకండి, లాంబ్డా అడగండి, అంటే అసలు నిష్పత్తిని ఆ సరైన నిష్పత్తితో భాగిస్తే వచ్చే అంకె. ఫుల్ థ్రాటిల్‌లో 0.88 చుట్టుపక్కల ఉంటే ఏ పెట్రోలుకైనా సరిపోతుంది.

డైనో (ఇంజన్ బలం కొలిచే యంత్రం) అంకెలు పోల్చేటప్పుడు వాతావరణం చూడండి. 35 డిగ్రీల ఎండ, 75 శాతం తేమ ఉన్న మన మే నెల రోజున, పీల్చే గాలిలో దాదాపు 4 శాతం నీటి ఆవిరే. డిసెంబరు ఉదయం తీసిన అంకెకీ దీనికీ పొంతన ఉండదు. ముందు, తర్వాత అని పోల్చాలంటే రెండూ ఒకే రోజు, ఒకే డైనో మీద తీయాలి.

కంప్రెషన్ పెంచడం, క్యామ్‌లు మార్చడం ఇప్పుడే వద్దు. రెండు మూడు ట్రాక్ రోజులు గడిచి, బండి మీకు పూర్తిగా లొంగాక కూడా స్ట్రెయిట్ మీదే వెనకబడుతుంటే అప్పుడు చూద్దాం.

చెన్నై ప్రయాణం

జాతీయ రహదారి 16 మీద సుమారు 800 కిలోమీటర్లు. పికప్ వ్యాన్‌లో రాత్రి బయల్దేరితే ఎండ తగలదు. బెల్టులు హ్యాండిల్‌కి కట్టకండి, కింది క్లాంపుకి కట్టండి. ముందు టైరుకీ క్లాంపుకీ మధ్య చెక్క దిమ్మ పెడితే, ఫోర్కులు రాత్రంతా నొక్కుకుని సీళ్ళు పాడవకుండా ఉంటాయి. ట్యాంకు ఖాళీ చేయండి. రాజమండ్రి దగ్గర ఒకసారి, ఒంగోలు దగ్గర ఒకసారి ఆగి బెల్టులు చూసుకోండి. ట్రాక్ డేకి నిర్వాహకుల నియమాలు సరిపోతాయి. రేసులోకి దిగాలంటే మన దేశపు మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు కావాలి.

అక్కడ 3.7 కిలోమీటర్ల ల్యాపు ఉంటుంది. మొదటి సెషన్‌లో ఏదీ మార్చకుండా తిరగండి. తర్వాత ఒక్క సెషన్‌కి ఒక్క మార్పే. టైరు గాలి, జిప్ టై ఎక్కడుందో, ల్యాపు సమయం, ఏ మలుపులో ఏమనిపించిందో హెల్మెట్ తీసిన వెంటనే రాయండి. టీ తాగాక రాద్దామనుకుంటే సగం మరిచిపోతారు. రీబౌండ్ రెండు క్లిక్‌లు మార్చాక తేడా తెలియకపోతే, వెనక్కి తిప్పేసి ఆ మాటే రాయండి. ల్యాపు సమయం తగ్గిందంటే బండి మెరుగైందని వెంటనే నమ్మవద్దు, పాత సెట్టింగ్‌తో ఇంకోసారి తిరిగి సరిచూసుకోండి.

తిరిగొచ్చాక

ఉప్పు గాలి పని చేసేది బండి ఆగి ఉన్నప్పుడే. మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. ఫోర్కు రాడ్ల మీద పల్చగా ఆయిల్ రాయండి. అక్కడ తుప్పు చుక్క ఒక్కటి లేచినా సీలును కోసేస్తుంది. అల్యూమినియంలోకి దిగే స్టీల్ బోల్టులన్నిటికీ యాంటీసీజ్ పేస్టు (బోల్టు పట్టేయకుండా ఆపేది) పూయండి. ఉప్పు తేమలో ఆ రెండు లోహాలూ ఒకదాన్నొకటి తినేస్తాయి, తర్వాత బోల్టు తలే విరుగుతుంది. వైరింగ్ కనెక్టర్లు విప్పి డైఎలెక్ట్రిక్ గ్రీజు పెట్టండి. డిస్కుల మీదికి ఏ ఆయిలూ పోకుండా చూసుకోండి.

ఈ20 పెట్రోలు ట్యాంకులో నెలల తరబడి ఉంచకండి. తేమ పీల్చుకుని నీరు, ఇథనాల్ కలిసి అడుగున వేరుపడే ప్రమాదముంది. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న రబ్బరు ముక్కలు మెత్తటి బ్రష్‌తో తీయండి. ఇంజన్ ఆయిల్ దించి, వడగట్టే గుడ్డలో మెరుపులేమైనా కనిపిస్తున్నాయేమో వెలుతురులో చూడండి. సేఫ్టీ వైర్లన్నీ కత్తిరించి, ప్రతి బోల్టుకీ టార్క్ రెంచ్ పట్టి, కొత్త తీగతో మళ్ళీ కట్టండి. ఏ బోల్టు వదులైందో ఆ పేరు నోటుబుక్కులో తేదీతో సహా రాసుకోండి. వచ్చేసారి వ్యాన్ ఎక్కించే ముందు మొదట చూడాల్సింది దాన్నే.